మందు మంచిదే

రూబీ ఏం చదువుతోందో ఉదయగిరిలో ఎవరికీ అంతు పట్టలేదు. పనిగట్టుకుని అడిగింది మాత్రం వాళ్ళ నాయన ఓబయ్య ఒక్కడే. మిషన్ ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. మందు అన్న మాట ఎక్కడ వినపడినా చెవి అటే పోతుంది.

"పాదరసంతో కొలస్తామంటావు. అంటే థర్మామీటరే గదా మే?"

"కాదు నాయనా. మాత్రలో మందు ఎంతుండాదో కొలస్తాం."

"అట్ట మీద రాసుంటాదిగా."

"రాసినంత లోపల ఉండాదా లేదా అని."

ఓబయ్య కాసేపు ఆలోచించి, "అయితే మీది కంపెనీవోణ్ణి నమ్మని చదువు," అన్నాడు.

తిరుపతిలో మూడేళ్ళుగా తను చేస్తున్న పనికి ఇంతకన్నా పొట్టి సారాంశం గైడు కూడా చెప్పలేడని రూబీకి అనిపించింది. థీసిస్ మొదటి పేజీలో రాసుకోవాలని కూడా అనిపించింది.

ఆమె అన్న జయపాల్ ఉదయగిరి–నెల్లూరు బస్సులో కండక్టరు. చెల్లెలు తిరుపతి వెళ్ళిన రోజు నుంచి ఇంటికీ హాస్టలుకీ మధ్య సామాను అతని చేతుల మీదుగానే నడిచేది. ఉదయగిరిలో ఎక్కించుకున్న మూటని నెల్లూరు బస్టాండులో తిరుపతి సర్వీసు కండక్టరుకి ఇచ్చేవాడు. ఆ కండక్టరు దాన్ని తిరుపతిలో దించేవాడు. స్టాంపు లేదు, రసీదు లేదు. మూడేళ్ళలో ఒక్క పచ్చడి జాడీ పగల్లేదు, ఒక్క చీటీ పోలేదు. పోస్టుమాన్ కన్నా కండక్టర్లే నయమని ఆ దారిలో ఊళ్ళన్నిటికీ తెలుసు. ప్రతి మూట మీదా జయపాల్ టికెట్ల మీద రాసే నీలం పెన్సిలుతో "రూబీ, కెమిస్ట్రీ" అని రాసేవాడు.

తొంభై రెండు ఆగస్టులో వచ్చిన పొట్లం మీద నీలం పెన్సిలు లేదు. ఓబయ్య చేతిరాత ఉంది. లోపల పది మాత్రల అట్ట ఒకటి, ఒక చీటీ.

జయపాల్‌కి టైఫాయిడ్. జ్వరం పట్టి పదకొండో దినం, క్లోరాంఫెనికాల్ మొదలుపెట్టి ఏడో దినం. "నా సర్వీసులో ఈ మందుకి ఐదో దినం దాటి నిలబడిన జ్వరం లేదు," అని రాశాడు ఓబయ్య. "అబ్బాయికి నూటమూడు దిగటం లేదు. నాకు మందు మీద అనుమానంగా ఉండాది. ఆత్మకూరులో రామనారాయణ మెడికల్ షాపులో తెప్పించినా. నువ్వు మీ మిషన్లో కొలిచి చెప్పు. దొంగమందైతే ఏడు దినాలు వృథా అయినట్టే, అప్పుడు నెల్లూరు పెద్ద డాక్టరుకి చూపియ్యాల్సిందే. మంచిదైతే డోసు పెంచి కోర్సు ఇంట్లోనే పూర్తి చేస్తా."

రూబీ ఆ చీటీని రెండుసార్లు చదివింది. రెండుసార్లూ ఆమెకి కనపడింది ఒక్కటే: కొలిచి చెప్పు.

ల్యాబులో ఆ వేళ నైట్రోజన్ సిలిండరు వంతు వేరేవాళ్ళది. బతిమాలి తీసుకుంది. మాత్రలు నిజానికి గొట్టాలు, క్యాప్సూల్స్. వాటిని విప్పి లోపలి పొడిని తూచి, కాస్త ఆల్కహాల్‌లో కరిగించి, ఆమ్లత్వం సరిచేసిన ద్రావణంలో కలిపింది. నీళ్ళలో కలిసి ఉండే గాలిని తరిమేయడానికి పదిహేను నిమిషాలు నైట్రోజన్ బుడగలు పంపింది. గాలి మిగిలితే మిషన్ దాన్ని కూడా లెక్కేస్తుంది. తర్వాత సన్నటి గాజు గొట్టం నుంచి పాదరసం చుక్కలు వదిలింది. నాలుగు సెకన్లకి ఒక చుక్క. చుక్క ఉబ్బుతుంది, రాలుతుంది, దాని చోట ఇంకోటి పుడుతుంది. ప్రతి చుక్కా మచ్చలేని కొత్త ముఖంతో వస్తుంది, పాత చుక్క మీద జరిగింది దానికి అంటదు. ఈ పద్ధతిని నమ్మేది అందుకే.

వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒకచోట మందు ఎలక్ట్రాన్లు తీసుకోవడం మొదలుపెడుతుంది, కరెంటు పెరుగుతుంది, గ్రాఫు కాగితం మీద పెన్ను మెట్టెక్కినట్టు పైకి లేస్తుంది. ఆ మెట్టు ఎంత ఎత్తు లేస్తే మందు అంత ఉన్నట్టు.

మెట్టు పొట్టిగా రావాలని రూబీ కోరుకుంది. పరిశోధన చేసే మనిషి కోరుకోకూడని కోరికే. అయినా సుద్దపొడి, మైదా, ఏదో ఒకటి బయటపడితే బావుండనుకుంది. దొంగ దొరికితే అన్నకి నయమైపోతుందన్నట్టు.

పెన్ను కదిలింది. చుక్కచుక్కకీ వణుకుతూ లేచింది, ఇంకా లేచింది, అచ్చమైన మందుకి వచ్చిన గీత పక్కకి వచ్చి బుద్ధిమంతురాలిలా నిలబడింది. నమ్మలేక రెండోసారి చేసింది. మూడోసారి అచ్చమైన మందు కొలిచి కలిపి, ఎంత పెరిగిందో చూసింది. నూటికి తొంభై తొమ్మిది పాయింట్ రెండు.

గైడు సురేంద్రబాబు చార్టుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. "బాగుందమ్మా. యాడిది శాంపిలు?"

"ఆత్మకూరు సార్. మా అన్న వాడతా ఉండేది."

"మార్కెట్ శాంపిలే కావాలని అడుగుతారు పేపర్లో. టేబుల్లో వెయ్యి." వెళ్ళబోతూ ఆగి, "మీ అన్నకి ఎట్టుండాది?" అని అడిగాడు. తగ్గుతుంది సార్ అంది రూబీ. మందు మంచిదైనప్పుడు తగ్గక ఏం చేస్తుంది.

చీటీ రాసింది. "నాయనా, మందు మంచిదే. రాసినంత ఉండాది. మూడుసార్లు చూసినా. రామనారాయణన్న మీద అనుమానం వొద్దు." గ్రాఫు జిరాక్సు తీయించి, మెట్టు దగ్గర ఎర్ర ఇంకుతో బాణం గుర్తు పెట్టి, కింద "మందు మంచిదే" అని రాసింది. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపలేదు. "నేను చేసే పని ఇదే," అని చీటీ చివర ఇంకో ముక్క రాసింది. తన చదువు ఇంట్లోవాళ్ళకి పనికొచ్చిన మొదటి రోజు అది. ఆ సంతోషాన్ని కవర్లో పెట్టి తిరుపతి కండక్టరు చేతికిచ్చింది. కండక్టర్లు దాన్ని ఎప్పటిలాగే భద్రంగా చేర్చారు.

తర్వాత ఇంట్లో జరిగింది రూబీకి ఆలస్యంగా, తల్లి లిదియమ్మ చెపితే తెలిసింది. చీటీ చదివి ఓబయ్య కళ్ళు తుడుచుకున్నాడట. జయపాల్‌కి చదివి వినిపించాడట. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాడట. మామూలుగా ఆయన సాక్ష్యం చెప్పే మనిషి కాదు, లెక్కలడిగితే చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం, "నా కూతురు మందును తూచింది. నిక్కమైన మందని దేవుడు దాని చేత చెప్పించినాడు. నా కొడుకు లేస్తాడు," అన్నాడట. సంఘమంతా స్తోత్రం అన్నారట.

ఇంకొకటి కూడా చేశాడు. అన్యాయంగా ఒక మనిషిని అనుమానించి నలుగురిలో అన్నానని ఆయనకి మనసు ఒప్పలేదు. గ్రాఫుని ఇంకో జిరాక్సు తీయించి, క్షమించమని రెండు మాటలు రాసి, జయపాల్ స్నేహితుడు కండక్టరు రమణయ్య చేత ఆత్మకూరుకి, రామనారాయణకి పంపించాడు.

లిదియమ్మ ఎనిమిదో దినం నుంచే నెల్లూరు పోదామంటోంది. ఆదివారం తర్వాత ఆమె ఆ మాట ఎత్తడం మానేసింది. సంఘం ముందు చెప్పిన మాటకి ఎదురెట్లా చెప్తుంది.

సోమవారం హాస్టల్ మెస్సులో రూబీ మందు కొలిచిన కథంతా గొప్పగా చైత్రకి చెప్పింది. చైత్రది మైక్రోబయాలజీ, తిరుపతి పిల్ల, ఎవరి మొహం చూసి మాట్లాడాలో నేర్చుకోని మనిషి.

"తొంభై తొమ్మిదా? మేలే. మరి పురుగు చచ్చిందా?"

"మందుండాది గదా మే."

"మందుండాదని నీ పాదరసానికి తెలుసు. పురుగుకి తెలుసా?" చైత్ర సాంబారు గిన్నె పక్కకి జరిపింది. "మా ల్యాబుకి వొచ్చే టైఫాయిడ్ పురుగులు పోయినేడాది నుంచీ చానావరకు ఈ మందులో హాయిగా పెరగతా ఉండాయి. పళ్ళెం నిండా పోసినా చావటంలా. ఎన్నో దినం మీ అన్నకి?"

రూబీ వేళ్ళమీద లెక్కపెట్టింది. "పదహారు."

చైత్ర ఇంకేం జోకు వెయ్యలేదు. "కొత్త మందొకటి ఉండాది, నెల్లూర్లో పెద్ద డాక్టర్లు రాస్తా ఉండారు. తీసకపొమ్మను. రేపు గాదు."

రూబీ గదికి పోయి నాయన చీటీని మూడోసారి చదివింది. దొంగమందైతే నెల్లూరు. మంచిదైతే ఇల్లు. అంతకన్నా తేటగా ఏ మనిషీ రాయలేడు. ఆ రోజు తను కొలిచింది మాత్రల పొడిని కాదు, అన్న నెల్లూరు పోవాలా వద్దా అన్నది. దానికి జవాబు తన మిషన్లో లేదు. అయినా దశాంశం దాకా కొలిచి జవాబు చెప్పింది.

మధ్యాహ్నం బస్సుకి రెండో చీటీ పంపింది. "నాయనా, మందు మంచిదే గానీ పురుగు దానికి లొంగేది కాదేమో. వెంటనే నెల్లూరు తీసకపో." మర్నాటి సాయంత్రానికి జవాబొచ్చింది. "మంచిమందని నువ్వే అంటివి. మంచిమందు ఎందుకు పని చెయ్యదు? భయపడబాక. డోసు పెంచినా. నిన్న నూటరెండుకి దిగింది."

రూబీ మర్నాడు పొద్దున్నే నెల్లూరు బస్సెక్కింది. నెల్లూరులో ఉదయగిరి బస్సు రమణయ్యది. ఆమెని చూడగానే ముందు సీట్లో ఒకాయన్ని లేపి కూర్చోబెట్టాడు. దారిలో సంగం ఊరు దాటి, టికెట్లన్నీ కొట్టాక వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"అన్నని చూసినావా రమణయ్యన్నా?"

"నిన్న చూసినా. నన్ను చూసి చిల్లర సరిగ్గా ఇచ్చినావా అంటాడు. ఎవురికి అంటే జవాబు లేదు." టికెట్ల కట్ట అటూ ఇటూ తిప్పాడు. "మీ నాయనకి నేను చెప్పినా పాపా. నెల్లూరు పోదాం, బస్సు మనదే గదా అని. నీ కాయితం చూపించినాడు. సదువుకున్న పిల్ల రాసిందానికి నేనేం మాట్లాడేది."

ఇంట్లో జయపాల్ మంచం మీద సగమై ఉన్నాడు. పెదాలు ఎండి తొక్కలు లేచాయి. రూబీని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"టికెట్ తీసినావా?" అన్నాడు.

"రమణయ్యన్న తీసుకోలా."

"వాణ్ణి రిపోర్ట్ చేస్తా." నవ్వబోయి ఆయాసపడ్డాడు. "నీ మిషన్ గొప్పది మే. నా మాత్రలు ఫస్ట్ క్లాసులో పాసైనాయంట."

రూబీ నాయనని వసారాలోకి పిలిచింది. ఓబయ్య చేతిలో ఉష్ణోగ్రతలు రాసిన నోటుబుక్కు ఉంది. పూటపూటకీ, గళ్ళు గీసి, ఆసుపత్రిలో రాసినట్టే.

"నాయనా, మాత్రలో మందుండాది. నిజమే. అన్న ఒంట్లో ఉండే పురుగు దానికి చావటంలా."

"ఆ పురుగును నువ్వు చూసినావా?"

"లేదు."

"మందును చూసినావా?"

"చూసినా."

"మరి చూసింది చెప్పు. చూడంది చెప్పబాక. నీకు సైన్సు నేర్పినోళ్ళు అట్నే గదా చెప్పింది?"

అట్నే చెప్పారు. లోపల్నుంచి వింటున్న లిదియమ్మ గంజి గ్లాసు చేతిలో పట్టుకుని గడపలో నిలబడింది, ఇద్దర్లో ఎవరివైపూ చూడలేదు. చాలాసేపు వాదించాక ఓబయ్య మెత్తబడ్డాడు. "సరే. రేపు పొద్దున మొదటి బస్సుకి పోదాం. నీ తృప్తి కోసం."

పొద్దున ఆరింటికి ఓబయ్య థర్మామీటరు తీసి చూశాడు, విదిలించి మళ్ళీ పెట్టి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఇంకోసారి చూశాడు.

"తొంభై ఏడున్నర," అన్నాడు. "దిగింది మే. లిదియా, దిగింది. నేను చెప్పలా."

రూబీ థర్మామీటరు చేతిలోకి తీసుకుంది. పాదరసం తొంభై ఏడున్నర దగ్గరే ఉంది. పంతొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె కూడా పీల్చుకుంది. అది తను ఎన్నటికీ దాచుకోలేని సంగతి. ఒక నిమిషం పాటు చైత్రదే తప్పనీ, తన మెట్టే గెలిచిందనీ ఆమె సంతోషించింది.

అప్పుడు జయపాల్ కడుపు పట్టుకుని మోకాళ్ళు పైకి ముడుచుకున్నాడు. ఒళ్ళంతా చల్లటి చెమట. ఓబయ్య పరిగెత్తుకొచ్చి కడుపు మీద చెయ్యి వేశాడు. చెక్కలా ఉంది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఆ చెయ్యి అలాంటి కడుపుని నాలుగైదుసార్లు తాకి ఉంటుంది. జ్వరం ఎందుకు దిగిందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"పేగు చిల్లి పడింది," అన్నాడు, ఎవరితోనో కాదు.

మొదటి బస్సు రమణయ్యదే. ఇంటి ముందుకే తెచ్చాడు. వెనక సీటు మీద జయపాల్‌ని పడుకోబెట్టి, ఎక్కినవాళ్ళకి సంగతి చెప్పాడు. ఆత్మకూరులో తప్ప ఎక్కడా ఆపలేదు. దారిలో చెయ్యెత్తిన జనం తిట్టుకుంటూ దుమ్ములో నిలబడ్డారు. సంగం దగ్గర జయపాల్ ఒకసారి కళ్ళు తెరిచి, "బెల్లు కొట్టు," అన్నాడు. రమణయ్య తాడు లాగాడు. రూబీ అన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది. అంతకు మించి చేయగలిగింది ఆమెకి ఏ పుస్తకంలోనూ లేదు.

నెల్లూరులో సర్జన్ కడుపు తెరిచాడు, మూశాడు. "రెండ్రోజులు ముందొచ్చుంటే," అని సగంలో ఆపేశాడు. మిగతా సగం అందరికీ తెలుసు. మూడో రోజు మధ్యాహ్నం జయపాల్ పోయాడు.

సమాధి చేసి వచ్చిన తర్వాత ఓబయ్య నోటుబుక్కులో ఉష్ణోగ్రతల పేజీలు తిరగేస్తూ కూర్చునేవాడు. రూబీని ఒక్క మాట అనలేదు. లిదియమ్మే అంది, ఒక్కసారి, చాటలో బియ్యం ఏరుతూ, కోపం లేకుండా. "నీ చీటీ రాకపోయుంటే నేను వాణ్ణి తీసకపొయ్యేదాన్ని." అని, రాయి ఒకటి తీసి పక్కన పెట్టి, "నువ్వు అబద్ధం రాసుంటే బతికేవోడు," అంది. తర్వాత ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

నెలకి రూబీ తిరుపతికి బయల్దేరింది. రమణయ్య బస్సు ఆత్మకూరులో పది నిమిషాలు ఆగుతుంది. దిగి నీళ్ళ కోసం చూస్తుంటే ఎదురుగా రామనారాయణ మెడికల్ షాపు. కౌంటరు పైన, ప్లాస్టిక్ కాగితం తొడిగి, గోడకి బిగించి ఉంది ఆమె గ్రాఫు. మెట్టూ, జిరాక్సులో నల్లబడిన బాణం, కింద ఆమె చేతిరాతలో "మందు మంచిదే." పక్కన ఎవరిచేతో పెద్ద అక్షరాలతో రాయించాడు: యూనివర్సిటీలో పరీక్షించినది.

రామనారాయణ ఆమెని గుర్తుపట్టి స్టూలు జరిపాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన. "కూర్చో పాపా. మీ అన్న సంగతి తెలిసి నాకు అన్నం పోలా. ఈడనే నిలబడి టీ తాగి పొయ్యేవోడు."

"అన్నా, ఆ కాయితం తీసెయ్."

ఆయన వెనక్కి తిరిగి దాన్ని చూశాడు. "అందులో తప్పుండాదా?"

"లేదు."

"నా మందులో తప్పుండాదా?"

"లేదన్నా."

"మరి ఎందుకు తీసేది? మీ నాయన దొంగమందు అమ్మినానని ఊరంతా అనిపించినాడు. నాలుగు దినాలు ఈ అంగడి మెట్టు ఎవురూ ఎక్కలా. నీ కాయితం వచ్చినాకే జనం మళ్ళీ నమ్మినారు. తప్పుంటే చెప్పు, నీ ఎదురుగానే చించేస్తా."

తప్పు లేదు. మూడుసార్లు చూసింది. సురేంద్రబాబు టేబుల్లో అది ఇప్పటికే ఆరో శాంపిలుగా ఉంది. అచ్చయ్యే పేపర్లో కూడా ఉంటుంది.

ఇద్దరూ అలా ఉండగానే ఒకామె వచ్చి కౌంటరు మీద మందుచీటీ పెట్టింది. మర్రిపాడు నుంచి వచ్చింది, పేరు మాలకొండమ్మ, రామనారాయణకి తెలిసిన మనిషే. కూతురికి వారం నుంచి జ్వరం. ఊళ్ళో డాక్టరు టైఫాయిడ్ అన్నాడట. రామనారాయణ చీటీ చూసి, రూబీ మొహం చూసి, అదే మాత్రల అట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు.

"మంచిదేనా నాయనా ఇది?" అంది మాలకొండమ్మ.

"ఈ పాపనే అడుగు. కొలిచింది ఈమే."

మాలకొండమ్మ రూబీ వైపు తిరిగింది. "మంచిదేనా మా?"

"మంచిదే," అంది రూబీ. ఇంకో జవాబు లేదు. "మంచిదే గానీ, ఐదో దినానికి జ్వరం దిగకపోతే ఇంక ఇది వెయ్యబాక. నెల్లూరు తీసకపో. పెద్ద డాక్టరుకి చూపియ్యి."

"మంచిదైతే ఎందుకు దిగదు?"

నాయన అడిగిన మాటే. రూబీ చైత్ర చెప్పిందంతా గుర్తు తెచ్చుకుంది, పురుగులు, పళ్ళేలు. ఆ కౌంటరు దగ్గర చెప్పడానికి అందులో ఒక్క ముక్కా పనికిరాలేదు. బయట రమణయ్య బెల్లు కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగాడు, ఆమె కోసం.

"మా అన్నకి దిగలా," అంది.

మాలకొండమ్మ ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. గోడ మీద కాగితాన్ని చూసింది. అట్టని కొంగులో ముడేసుకుంది. రూబీ బస్సు వైపు నాలుగడుగులు వేశాక వెనకనుంచి పిలిచింది.

"ఏం మా, ఐదు దినాలంటే ఈ దినం కలిపా, కలపకుండానా?"

"కలిపే," అంది రూబీ.